నరసప్ప బండికి మంచులైట్లు

మా అన్న నరసప్ప నా పనిని నోరు తెరిచి మెచ్చుకున్నది ఒక్కసారే. బహుధాన్య సంవత్సరం పుష్యమాసంలో, పొద్దుగూకి చీకటి పడ్డాక, హిందూపురంలో మా ఇంటి వెనక బయల్లో. ఆ మెప్పు విని నేను పడిన సంతోషం బండి స్టీరింగు కిందినుంచి తల పైకెత్తేంతసేపు కూడా నిలవలేదు. ఆ తరువాత ఏం జరిగిందో, నేనేం చేశానో ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు.

అప్పటికి యుద్ధం ఇంకా రాలేదు. పెట్రోలు అడిగినంత దొరికేది. మాకొక మోటారు ఉండేది. ముందర ఇద్దరు కూర్చునే చిన్న క్యాబిను, వెనక చెక్కల తొట్టి. బెంగళూరులో ఒక దొర వాడి వదిలేసింది. ఆయన దాన్ని పికప్పు అనేవాడట. హిందూపురం వాళ్ళకు మాత్రం అది తొట్టిమోటారు. వారానికి రెండుసార్లు మా అన్న బెంగళూరు రైల్లో వచ్చిన పట్టునూలూ జరీ అందులో ఎక్కించుకుని, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి నేతగాళ్ళకు దించేవాడు. ఆ రాత్రి అక్కడే పడుకుని, కోడి కూయకముందే నేసిన చీరల మూటలతో, వాటి వెంట వచ్చే నేతగాళ్ళతో బయలుదేరి, పొద్దుటి బెంగళూరు రైలుకు హిందూపురం చేరేవాడు. రైలు ధర్మవరంలోనూ ఆగుతుంది. అయినా మా అన్న బండి మగ్గమున్న ఇంటి గడప ముందరే ఆగేది. మూటను తన చేత్తోనే ఎత్తి తన చేత్తోనే దించేవాడు. అందుకని చాలామంది ఆయన కోసమే కాచుకునేవాళ్ళు.

నేను ఇంటి దగ్గరే ఉండి ఊళ్ళోని మోటార్లకు బ్యాటరీ పని, వైర్ల పని చేసేవాణ్ణి. ఇరవైరెండేళ్ళ వయసు. పేరు నాగభూషణమైనా అందరూ లైట్ల నాగప్ప అనేవాళ్ళు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మార్గశిరం మొదట్లో ఒక పొద్దున మా అన్న బండి దిగుతూనే ముఖం చిట్లించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నాగూ, ఈ లైట్లు చాలవురా. పెనుకొండ కాడ మంచు మొదలైండాది. గుడ్డిదీపం చేతిలో పట్టుకొని పోయినట్లుండాది. రోడ్డంచు యాడుండాదో తెలీలేదు."

"పాత బల్బులు గదన్నా. ఇరవైయొక్క క్యాండిల్ పవరు. ముప్పైరెండువి తెప్పిస్తా," అన్నాను.

నిజం చెప్పాలంటే ఆయన ఇబ్బంది కంటే కొత్త బల్బులు తేవడమే నాకు ముఖ్యమనిపించింది. ఆ వారమే తెప్పించాను. వాటిని బిగించే ముందు లైట్ల లోపలి వెండిపూత డిప్పలు ఊడదీసి, దీపపు మసిని స్పిరిట్లో కలిపి, ధర్మవరం పట్టుపీలికతో తుడిచాను. డిప్పకు వేలు తగిలితే మచ్చ పడుతుంది, అందుకని చేతులకు గుడ్డ చుట్టుకుని చేశాను. బండిని చింతపండు మండీ గోడకు ఎదురుగా పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, రెండు లైట్ల వెలుతురూ సరిగ్గా గీత కిందికి పడేదాకా వెనక మరలు తిప్పి చూశాను. వీధిలో వాళ్ళంతా గుమిగూడి చూశారు. గోడ మీద ఒక్కొక్క ఇటుక లెక్కపెట్టొచ్చు.

మా అన్న రెండు ట్రిప్పులు పోయివచ్చి, "రవంత మేలు," అన్నాడు. మూడో ట్రిప్పు నుంచి వచ్చి మళ్ళీ అదే మాట. "చాలదురా నాగూ."

ఆయన ఎప్పుడూ అంతే. నేనేం చేసినా ఆయనకు ఏదో ఒకటి తక్కువయ్యేది. ఈసారి ఆయన చేత సరే అనిపించి తీరాలని నేనే బెంగళూరు రైలెక్కాను.

అక్కడ మోటారు సామాన్ల అంగట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. యాభై క్యాండిల్ పవరు బల్బులు కావాలని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఇస్తాను, దుడ్లిచ్చేవాడివి నువ్వు, నాకేమి? మీ డైనమో మోయదు. రెండు రోజుల్లో బ్యాటరీ పడుకుంటుంది. అయినా మంచులో లైటు ఎంత పెంచితే మంచు అంత తెల్లగా ఎదురొస్తుందప్పా. మొగానికి అడ్డంగా సున్నం కొట్టిన గోడ పెట్టినట్టుంటుంది."

"మరేం చెయ్యమంటారు?"

ఆయన లోపలికి పోయి రెండు చిన్న లైట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పసుపుపచ్చ గ్లాసులు, వాటి మీద నిలువు చారలు. "ఇవి బంపరు కింద పెట్టు. మోకాలెత్తుకు పైకి పోకూడదు. వెలుతురు పైకి లేవకుండా నేలను పాకుతూ పోవాలి. పెద్ద లైట్లు ఆర్పేసి వీటితోనే నిదానంగా పోవాలి, తెలిసిందా?" అని, కాగితంలో చుడుతూ, "నడిపేది నువ్వేనా?" అని అడిగాడు.

"మా అన్న."

"ఆయన కండ్లు బాగుండాయా?"

నాకు నవ్వొచ్చింది. "మా అన్నా? ఆకాశంలో చుక్కంత కనపడే గద్దను చూసి, అది గద్దో డేగో చెప్తాడండీ."

"పగలు కదా," అన్నాడు పెద్దాయన. అని నా ముఖంలోకి ఒకసారి చూసి, పొట్లం చేతికిచ్చాడు. ఆ మాట నాకు తలకెక్కలేదు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని హిందూపురం దాకా వాటిని ఎక్కడ ఎట్లా బిగించాలో ఆలోచించుకుంటూ వచ్చాను.

రెండు రోజులు పట్టింది. బంపరు కింద ఇనుప పట్టీలు కమ్మరి చేత వంపించాను. పాత సన్నవైరు వేడెక్కుతుందని లావుపాటి వైరు వేశాను. స్టీరింగు కింద వేరే స్విచ్చి పెట్టాను. రెండో రోజు చీకటి పడ్డాక బండిని వెనక బయల్లోకి తోసి మా అన్నను పిలిచాను. ఆయన మెల్లగా వచ్చి, తలుపు తడుముకుని పట్టుకుని, సీట్లో కూర్చున్నాడు. నేను పక్కన వంగి, స్టీరింగు కింద తల పెట్టి, టార్చి పళ్ళతో పట్టుకుని స్విచ్చి బిగిస్తున్నాను. టార్చి తీసి స్విచ్చి నొక్కాను.

"చూడన్నా. ఎట్లుండాది?"

మా అన్న కొంచెం ముందుకు వంగాడు. తరువాత అన్నాడు:

"ఆఁ. ఇప్పుడు బాగుండాదిరా. పచ్చగా, రోడ్డంచు దాకా పడతాండాది. మంచి పని చేసినావు నాగూ. నీకు చేతిపని ఉండాదిరా."

నా ఒళ్ళంతా వెచ్చబడింది. తల పైకెత్తాను. బండి ముందర బయలంతా కన్నుపొడుచుకున్నా కానరాని చీకటి. లైట్లు వెలగలేదు. వైరు కొస ఇంకా నా ఎడమచేతి వేళ్ళమధ్యే ఉంది. దాన్ని స్విచ్చికి తగిలించడం మరిచిపోయాను.

కింద పెట్టిన టార్చి వెలుగులో చూస్తే, మా అన్న స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి ఎదురుగా చూస్తున్నాడు. ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది. నన్ను సంతోషపెట్టడానికి నవ్విన నవ్వు.

నేను మళ్ళీ వంగి వైరు తగిలించాను. పసుపు వెలుతురు నేలను పాకుతూ కంప చెట్ల దాకా పోయింది.

"ఇంగో మర బిగించినా," అన్నాను.

"ఇందాక మాదిరే ఉండాదిలే," అన్నాడు మా అన్న.

ఆ రాత్రి వదిన ఆదెమ్మ వడ్డిస్తూంటే మా అన్న చెయ్యి కంచం అంచును వెతుక్కోవడం చూశాను. ఎన్నాళ్ళుగా చూస్తూ చూడకుండా ఉన్నానో అప్పుడు తెలిసింది. పొద్దున ఆకాశంలో గద్దను పోల్చే మనిషికి దీపాలు పెట్టిన తరువాత కంచం కనపడదు. ఎదురుగా వెలుగు పడినంత మేర, సొరంగంలోంచి చూసినట్టు, రవంత కనపడుతుందేమో. పక్కన ఏముందో తెలియదు. బల్బులు మార్చమని, లైట్లు చాలవని ఆయన అన్నన్నిసార్లూ చెప్పింది ఈ సంగతే. నేను ప్రతిసారీ ఒక కొత్త బల్బు తెచ్చిచ్చాను.

చెప్పెయ్యాలి. అన్నా, నీకు రేచీకటి పట్టింది, ఇక నడపవద్దు అని ఒక్క మాట. కానీ ఆయనకు వేరే పని తెలియదు. లైసెన్సు నాకు లేదు. బండి నడపడం నాకు మండీ వీధి దాకానే వచ్చు. వచ్చేది మాఘం. ముహూర్తాలు దండిగా ఉన్నాయి, ధర్మవరంలో ఇంటింటా మగ్గం మీద పెళ్ళిచీరే. మాఘం పోనీ, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అంతకంటే అసలు కారణం, ఆ మాట అంటే మా అన్న ముఖం ఎట్లా అయిపోతుందో చూడలేననుకోవడం.

మరుసటి ట్రిప్పుకు నేనూ బండెక్కాను.

"నువ్వెందుకురా?" అన్నాడు మా అన్న.

"మంచులైట్లు కొత్తవి గదన్నా. రెండు మూడు ట్రిప్పులు చూసుకోవల్ల."

ఆయన పక్కకు జరిగి మూట తీసి నాకు చోటిచ్చాడు.

ఆ మూడు వారాలూ నేను ఆయన పక్కన కూర్చుని దారి చదివాను. చదువుతున్నట్టు తెలియకుండా చదవాలి, అదీ కష్టం. "అబ్బ, ఎడమపక్క ఆ బండెద్దులు ఎంత తెల్లగుండాయో చూడన్నా," అనేవాణ్ణి. ఆయన చెయ్యి స్టీరింగును వెంట్రుకవాసి కుడికి తిప్పేది. "కుడిపక్క మట్టి జారిపోయినట్లుండాదే, పోయినవారం లేదు," అంటే బండి నిదానించేది. "కనపడతాండాదిలేరా," అనేవాడు ఒక్కోసారి. నేను చెప్పడం మానితే మాత్రం ఆయన వేగం తగ్గించేవాడు. నేను మళ్ళీ ఏదో ఒకటి అనేదాకా అట్లాగే పోయేవాడు. ఒక తెల్లవారుజామున పెనుకొండ దాటాక ఆయన ఏదో కూనిరాగం తీయడం విన్నాను. చిన్నప్పటి తరువాత ఆయన పాడగా వినడం అదే. ఇట్లాగే మాఘం గడిచిపోతుందని నాకు నమ్మకం కుదిరింది.

పుష్యం చివర, ధర్మవరం నుంచి వచ్చేరోజు, తొట్టిలో నలుగురున్నారు. ముగ్గురు జరీ వ్యాపారులు, ఓబుళప్ప అనే నేతగాడు. ఓబుళప్పకు నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ మనిషి. అంచు నేయడంలో ఆయన చేతికి పేరు. పెళ్ళివాళ్ళకు స్వయంగా అప్పగించాలని రెండు చీరలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పొద్దు మంచు ఎప్పుడూ లేనంతగా ఉంది. పెద్ద లైట్లు ఆర్పి మంచులైట్లతో నడిచాము. నేను నోరు మూయకుండా చెబుతూనే ఉన్నాను. రాయి, గుంత, వంపు, మళ్ళీ వంపు. పెనుకొండలో కాఫీ హోటలు ముందర బండి ఆపేసరికి నా గొంతు బొంగురుపోయింది.

కాఫీ తాగుతూ ఒక వ్యాపారి నవ్వాడు. "ఏమప్పా నరసప్పా, ధర్మవరం కాడ్నుంచి వింటాండాం. మీ తమ్ముడు చెప్పకుంటే నీకు దారి తెలీదా ఏమి? పదైదేండ్లు నడిపినోనివి!"

రెండోవాడు అందుకున్నాడు. "కొత్తపెండ్లికూతుర్ని చెయ్యి పట్టుకొని నడిపించినట్లు నడిపిస్తాండాడు."

అందరూ నవ్వారు. హోటలువాడు కూడా నవ్వాడు. మా అన్న లోటా కింద పెట్టాడు.

"నాగూ, నువ్వు ఈడ్నే ఉండు. ఈ పొద్దు నాతో రావద్దు."

"అన్నా, మంచు..."

"చెప్తే అర్థం కాదా? నేను చిన్నపిల్లోన్నా? వెనకాల ఏదన్నా బండి వస్తే దాంట్లో రా పో."

అంతమంది ఎదుట, నా తప్పేమీ లేకుండా. మూడు వారాలుగా నిద్ర మానుకుని ఆయన మర్యాద కాపాడుతున్నది నేను. నా చెవులు వేడెక్కాయి. అప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి ఉండొచ్చు. పొద్దు పొడిచేదాకా బ్యాటరీ చూడాలని చెప్పి బండి కదలకుండా చేసి ఉండొచ్చు. స్విచ్చిలు పెట్టినవాణ్ణి, అదెంతసేపు పని? ఏదీ చేయలేదు. తొట్టి దగ్గరికి పోయి, "ఓబుళప్పన్నా, నువ్వు ముందరికి రా. వెనక చలి," అన్నాను.

చలికోసమే అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. దారి చెప్పనివాడు పక్కన కూర్చుంటే మా అన్నకు తెలిసివస్తుందిలే అన్నది నా మనసులోని మాట. ఓబుళప్ప చీరల మూటతో దిగి వచ్చి, "నీ పుణ్యమప్పా," అని నా చోట్లో కూర్చున్నాడు. బండి పోయింది. వెనక ఎర్రదీపం నాలుగడుగుల్లో మంచులో కలిసిపోయింది.

నేను ఇంకో కాఫీ తెప్పించుకున్నాను. అది సగం తాగానో లేదో, అనపకాయల బండిని దారిలోనే వదిలేసి పౌలు అనే మనిషి పరుగున వచ్చాడు. ఆయన బండి హిందూపురం వైపునుంచి వస్తోంది.

"నరసప్ప మోటారు మోరీగోడకు కొట్టుకునిందప్పా! మైలు దూరం కూడా లేదు. వంపు కాడ."

పరుగెత్తుకుంటూ పోయాను. తెల్లవారుతోంది గాని మంచు ఇంకా అట్లాగే ఉంది. దూరం నుంచి ముందు నాకు కనపడింది పసుపు వెలుతురు. రోడ్డు వంపు తిరిగే చోట బండి ఎడమపక్క, నీళ్ళు పోయే మోరీకి కట్టిన గోడను గుద్ది, లోపలికి నొక్కుకుపోయింది. ఎడమ లైట్లు పగిలిపోయాయి. కుడిపక్కన బంపరు కింది మంచులైటు మాత్రం చెక్కు చెదరకుండా వెలుగుతూనే ఉంది. గడ్డిపరక గడ్డిపరకా కనపడుతోంది దాని వెలుగులో.

ఓబుళప్పను బయటికి తీసి రోడ్డు మీద పడుకోబెట్టారు. ఎడమకాలు మోకాలి కింద చూడలేని విధంగా ఉంది. మా అన్న రోడ్డు మీదే కూర్చుని ఆయన తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. మా అన్న నుదుటి నుంచి నెత్తురు కారుతోంది. చుట్టూ వ్యాపారులు, ఎవరో బాటసారులు.

"ఎట్లయింది నరసప్పా? ఎట్లయింది?" అని అడుగుతున్నారు.

"లైట్లు ఆరిపాయె," అన్నాడు మా అన్న. "వంపు కాడ ఉన్నట్టుండి లైట్లన్నీ ఆరిపాయె."

ఆయన వెనకే, వీపుకు రెండడుగుల దూరంలో, నేను బిగించిన లైటు వెలుగుతోంది. ఆ మాటలంటున్నప్పుడు అది ఆయన చొక్కా మీద పడుతోంది. ఆయనకు తెలియదు. అందరూ ఓబుళప్ప కాలునే చూస్తున్నారు.

నేను బండి దగ్గరికి పోయి స్విచ్చి నొక్కి లైటు ఆర్పాను. కిందికి చెయ్యి పోనిచ్చి వైరు పట్టుకుని లాగాను. గట్టిగా బిగించిన వైరు, రెండుసార్లు లాగితేగాని రాలేదు. తరువాత వచ్చి ఓబుళప్పను ఎత్తడానికి చెయ్యి వేశాను. మా అన్న నా చెయ్యి తగిలి, "నాగూ, వచ్చినావా?" అన్నాడు. వచ్చానన్నాను.

పౌలు బండిలోని అనపకాయల మూటలు రోడ్డు పక్కన దింపేసి, ఆ బండిలో ఓబుళప్పను పెనుకొండకు తీసుకుపోయాము. అక్కడినుంచి రైల్లో అనంతపురం పెద్దాసుపత్రికి. నాలుగోరోజు కాలు తీసేశారు.

మోటారు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. ఊడివున్న వైరును కొసతో పట్టుకుని పైకెత్తాడు.

"ఇది బిగించిందెవరు?"

మా అన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. నుదుటికి కట్టు. నేల చూస్తున్నాడు.

"నేనే సార్," అన్నాను. "సరిగా బిగించినట్లు లేదు."

ఆయన రాసుకుని పోయాడు. మా అన్న ఆ రోజు నోరు తెరవలేదు, ఆ తరువాతా తెరవలేదు. ఊళ్ళో అందరూ నన్ను లైట్ల నాగప్ప అని పిలవడం మానేశారు. ఒకాయన పనికిచ్చిన బ్యాటరీని వెనక్కి తీసుకుపోయాడు. దానికి నేను బాధపడలేదు, పడడానికి నాకేం హక్కుంది. బండి మాఘంలోనే అమ్మేశాం. వచ్చినదాంట్లో ఎక్కువ భాగం మా అన్న ధర్మవరం పంపించేశాడు. చింతపండు మండీలో గుమాస్తాగా కుదిరి, పొద్దుండగానే ఇంటికి వచ్చేసేవాడు. ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళం. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

ఒకరోజు మధ్యాహ్నం వదిన పెరట్లో పొన్నగంటాకు కోస్తోంది. ఆ చలికాలమంతా రోజు విడిచి రోజు అదే కూర. విసుగుపుట్టి, "ఇంకా ఎన్ని దినాలు వదినా ఈ ఆకు?" అన్నాను.

ఆమె కోయడం ఆపలేదు. "కండ్లకు మంచిదంట గదప్పా," అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. "నీకు తెల్సునా?"

"రెండేండ్లాయె. ఆయన నాతో ఒట్టు పెట్టించుకున్నాడు." కొంగుతో చెయ్యి తుడుచుకుని నా వైపు చూసింది. "నువ్వు నీయంతట నువ్వే బండెక్కి పోయినావే, ఆ ట్రిప్పు నుండి వచ్చి ఆ పగలు నాకు చెప్పినాడు. 'వానికి తెల్సిపోయిందే ఆదీ. నోరు తెరిచి చెప్పలేదు, పక్కన కూచోని దారి చెప్తాండాడు. ఇంగ నాకు భయం లేదు' అన్నాడు. ఎన్ని దినాలకో ఆ పొద్దు కంటినిండా నిద్రపోయినాడప్పా."

ఆమె మాత్రం, మరి ఆ రోజు బండి ఎందుకు దిగినావని అడగలేదు. అడిగితే బాగుండేది.

ఫాల్గుణంలో ధర్మవరం పోయాను. మనసులో మాటలన్నీ వరుసగా పెట్టుకుని పోయాను. లైట్లు ఆరిపోలేదని, వైరు నేనే పీకానని, మా అన్నకు కనపడదని నాకు ముందే తెలుసునని చెప్పెయ్యాలి. కొడతాడా కొట్టనీ. ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడువు అంటే నడవాలి.

ఓబుళప్ప ఇంట్లో మగ్గం గుంట మీద పలకలు కప్పేశారు. గుంటలో రెండు కాళ్ళూ దించి తొక్కితేగాని ఆ మగ్గం ఆడదు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్నాడు. ఆ పని ఆ వీధిలో ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చేస్తారు. ఆయన భార్య కుళ్ళాయమ్మ నాకు చాప వేసి వంటింట్లోకి పోయింది.

"ఓబుళప్పన్నా, ఆ పొద్దు లైట్లు..." అని మొదలుపెట్టాను.

"బాగా వెలుగుతాండె," అన్నాడు ఆయన, రాట్నం తిప్పుతూనే. "నేను ముందర్నే కూచోనుంటి గదా. మోరీగోడ మింద సున్నం గీత కూడా కనపడె. గోడ, గోడ అని నేను అరిచేలోపలే అయిపాయె."

నేను పెట్టుకుపోయిన మాటలన్నీ ఎటో పోయాయి. "ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదేమన్నా?" అన్నాను.

"నన్నెవరడిగినారప్పా? నేను ఆసుపత్రిలో ఉంటి. మీ అన్నదమ్ములిద్దర్నీ అడిగి రాసుకొని పాయె."

దారం తెగింది. ఆయన వేలు నోట్లో తడుపుకుని రెండు కొసలూ కలిపి మెలితిప్పాడు. ఆ ముడి కంటికి కనపడదు. మళ్ళీ రాట్నం తిప్పబోయి ఆగి, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"మీ అన్నకు కనపడదని నీకు తెల్సునా?"

"తెల్సన్నా."

"నన్ను ముందర కూచోమన్నెప్పుడూ తెల్సునా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నాడు.

"తెల్సు," అన్నాను.

ఓబుళప్ప తల దించుకుని రాట్నం తిప్పసాగాడు. ఒక కండె నిండింది. దాన్ని తీసి బుట్టలో వేసి ఇంకొకటి ఎక్కించాడు. అదీ సగమైంది. కుళ్ళాయమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "సంగటి అయిండాది. ఆయప్పను కాళ్ళు కడుక్కోమను, తిందురు గాని," అంది.

"తినడులే," అన్నాడు ఓబుళప్ప. "రైలుకు టైమాయె ఆయప్పకు."

రైలుకు ఇంకా మూడు గంటలుంది. నేను లేచి చాప చుట్టి గోడకు ఆనించి, బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను.